తిట్లకు వేరే కాగితం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, మాణికేశ్వర్ నగర్‌లో మా గల్లీ నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉండగా ఫోను వచ్చింది. తార్నాకలో మేడం చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని, ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి చెప్పింది. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి. వెనుకవాళ్ళు అరుస్తున్నారు. నేను బదులు చెప్పలేదు. ఆ గల్లీలో నేను బదులు చెప్పకపోవడం అదే మొదటిసారి.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ అమ్మాయే. ఇది చదివే పిల్లలకు మేడం గురించి తెలియాలి, నా కేసు గురించీ తెలియాలి. నా వరకు ఆ రెండూ వేరు కావు.

మేడం సీమ మనిషి. యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను అదే క్యాంపస్‌లో హాస్టల్ మెస్సులో ఏళ్ళ తరబడి రొట్టెలు చేశాను. కాంట్రాక్టరు మారి ఆడవాళ్ళందరినీ ఒక్కరోజులో మానిపించాడు. ఏడుగురం గేటు పక్కన చాప వేసుకుని కూర్చున్నాం. రాయి వేయలేదు, దారి ఆపలేదు. పోలీసులు వచ్చి నన్ను జీపెక్కించారు.

"ఎందుకు తీస్కపోతున్నరు బిడ్డా?" అని అడిగాను.

"తెలుస్తది, ఎక్కు" అన్నారు.

పొద్దంతా స్టేషన్‌లో బల్ల మీద కూర్చోబెట్టి, సాయంత్రం ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపారు. నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చానని అందులో రాసి ఉందట. తర్వాత తెలిసింది. ఆ అబద్ధం కింద నా వేలు ఉంది. పని పోయినందుకు కూడా నేను అంత కుమిలిపోలేదు. ఎందుకు తీసుకుపోయారో వాళ్ళ నోటితోనే చెప్పించాలని మేడం ఇంటికి వెళ్ళాను.

నేల మీద కూర్చోబోతే మేడం కుర్చీ చూపించారు. "కిందికి చూసి రాస్తే మెడ నొస్తాది, పైకి రా అక్కా" అన్నారు. పాత క్యాలెండరు కాగితాల వెనుక రాయడం ఆమె అలవాటు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టుకున్నారు. నేను నాలుగు మాటలు చెప్పి మూడు తిట్లు తిట్టాను. మాటలు ఒకదాని మీద, తిట్లు ఇంకోదాని మీద రాశారు.

"గా తిట్లెందుకు రాస్తున్నవు మేడం?"

"అవీ నీవే కదక్కా, పారేయను. కానీ ఫిర్యాదులో పెడితే, చదివేటోడు నీ తిట్టు పట్టుకుని వాళ్ళ తప్పు మర్చిపోతాడు."

"మరి గా కాగితం ఏం జేస్తవు?"

"నాకు కోపం వచ్చినప్పుడు చదువుకుంటా" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఇక్కడి మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు రాయడం అయ్యాక, దీన్ని ఇంకా పెద్ద జాగకు పంపమన్నాను. అప్పుడు చెప్పారు. ప్రపంచంలో చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయట. మనిషిని ఊరికే పట్టుకుపోకూడదు. పట్టుకుపోతే ఎందుకో అప్పుడే చెప్పాలి. కొట్టి హింసించకూడదు. నోరు విప్పనివ్వాలి, నలుగురిని శాంతంగా కూడనివ్వాలి, ఓటు వేయనివ్వాలి. మన దేశమూ అందులో చేరింది.

"మాట తప్పితే ఎవరు కొడ్తరు?"

"ఎవరూ కొట్టరు. మీ నల్లా కాడ ఒకామె వంతు తప్పితే ఏం చేస్తారు?"

"గల్లీ గల్లంత అడుగుతది!"

"ఇదీ అంతే. అడిగేదానికి ఒక కమిటీ ఉంది. ప్రతి దేశమూ దాని ముందు జవాబు చెప్పుకోవాల."

"అయితే నా కాగితం ఆడికే పంపు."

మేడం కలం కింద పెట్టారు. ఒక్క మనిషి నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేయాలంటే దేశం ఇంకో ఒప్పందంలో కూడా చేరాలట. మనవాళ్ళు అందులో చేరలేదు. నాకు మండింది. "గంత చదివి గిదా నువ్వు జెప్పేది!" అని లేచి వచ్చేశాను. వారం దాకా ఆ వైపు వెళ్ళలేదు.

ఎనిమిదో రోజు ఆమే గొడుగు పట్టుకుని మా గల్లీ వెతుక్కుంటూ వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో నా మంచం మీద కూర్చుని, "అబద్ధం చెప్పి నీకు ధైర్యం ఇయ్యలేనక్కా" అన్నారు. నా మొహం చూసి మెల్లగా మిగతాది చెప్పారు. దేశం తన గురించి కమిటీకి చెప్పుకునేటప్పుడు, హక్కుల సంఘాలు రాసి పంపినవి కూడా వాళ్ళు చదువుతారట. అలా పంపేదాంట్లో నా సంగతి నాలుగు వరుసలు చేర్చారు. ఆ నాలుగు వరుసలూ నాకు చదివి వినిపించారు. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు. పెద్ద చదువులవాళ్ళు నా కోసం రాయడం ముందూ చూశాను. తప్పుందేమో చూడమని నన్నే అడిగింది ఆమె ఒక్కరే.

కమిషన్ నుంచి పిలుపు వచ్చేసరికి మేడం పోయి మూడు వారాలైంది. ఆ అమ్మాయి తోడు వచ్చింది. ఒక పక్క ఆమెను కూర్చోబెట్టుకుని, రెండో పక్క కుర్చీలో నా సంచి పెట్టాను.

"అవ్వా, గా సంచి దియ్యి. మనిషి కూసుంటడు" అన్నాడు అటెండరు.

"మనిషి కూసున్నది. కనవడ్తలేదా?" అన్నాను. అతను ఇంకో కుర్చీ వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఫిర్యాదు చదివాక కమిషన్ పెద్దాయన ఎదురుగా ఉన్న పోలీసు అధికారిని అడిగారు: "ఈమెను ఎందుకు తీసుకెళ్ళారు?"

అధికారి ఫైలు తెరిచాడు. ఒక కాగితం తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. చివరికొచ్చి ఆగాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ మొదటి కాగితం నుంచి తిప్పడం మొదలుపెట్టాడు.