నందిగామలో వేడెక్కే ఇంజను

కారు బాబాయి పోయారన్న కబురు బడి గేటు దగ్గర తెలిసింది. చిల్లకల్లు నుంచి వచ్చే మా తోటి టీచరు నన్నాపి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, కారు తుడుస్తూ తుడుస్తూ కూలబడిపోయారట. ఊళ్ళో సగంమందిని ఆసుపత్రికి చేర్చిన మనిషి, తనను చేర్చే అవకాశం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. జగ్గయ్యపేటలో మా పక్కింటాయన. కిరాయికి తిప్పే పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. పెళ్ళిళ్ళకైనా, బెజవాడ ఆసుపత్రులకైనా మా వీధికి అదే దిక్కు. నాన్నను అన్నయ్య అని, అమ్మను వదిన అని పిలిచేవారు కాబట్టి నాకు బాబాయి అయ్యారు. చెప్పులు దులుపుకోకుండా ఎక్కితే పెళ్ళికొడుకునైనా దించేసేవారు. నోరు ఎంత పెద్దదంటే, ఆ కారుకి హారను దండగని మేం ఏడిపించేవాళ్ళం.

ఆ కారుకి ఒక జబ్బుండేది. రోగిని ఎక్కించుకుని బెజవాడ బయలుదేరితే చాలు, నందిగామలో సరిగ్గా సర్కారు ఆసుపత్రి ఎదుట ఇంజను వేడెక్కేది. పెళ్ళివాళ్ళతో వెళ్ళినప్పుడు మాత్రం రోహిణి ఎండలో కూడా వేడెక్కేది కాదు.

ఆ జబ్బే మా అమ్మను కాపాడింది. నేను టీచరు ట్రైనింగు ముగించి ఇంటికొచ్చిన ఏడాది అమ్మకి పొత్తికడుపులో నొప్పి, నెలనెలా విపరీతంగా రక్తం పోవడం. మా వీధి ఆరెంపీ డాక్టరు చూసి గర్భసంచి తీయించెయ్యమన్నాడు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దాంతో పనేముంది? వదిలేస్తే క్యాన్సరవుద్ది" అన్నాడు. ఆ మాటకి భయపడి నాన్న ఉన్న ఒక్క మిరపచేనునీ బేరం పెట్టేశారు. నలభై నిండని అమ్మ, "చేను పోతే ఏం తింటాం?" అని మాత్రం అంది.

తెల్లారగానే బయలుదేరాం. ముందు సీట్లో ఆరెంపీ, వెనక మేం ముగ్గురం. నందిగామ రాగానే కారు ఆగింది.

"ఏమైందయ్యా?" అన్నాడు ఆరెంపీ.

"ఇంజను వేడెక్కిందండి. అరగంట చల్లారాలి." బాబాయి దిగి బానెట్ ఎత్తారు. "వదినా, ఊరికే కూర్చోవడమెందుకు? లోపల లేడీ డాక్టరుగారున్నారు. ఓసారి చూపించుకురా."

"అక్కడ బెజవాడలో పెద్ద డాక్టరుగారు మన కోసం చూస్తా ఉంటారు!" అన్నాడు ఆరెంపీ.

"చూడనీండి. కడుపు మా వదినది. కోయించే తొందర మీకెందుకండీ?"

ఆ అరగంటలో రేడియేటర్లో ఆయన చుక్క నీళ్ళయినా పొయ్యలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మగారు అమ్మను నెమ్మదిగా పరీక్ష చేశారు. లోపల వాపుందనీ, ఒంట్లో రక్తం తగ్గిందనీ, మందులతో నయమవుతుందనీ చెప్పారు. "వాడి మళ్ళీ రండి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం" అన్నారు. నాన్న బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కండువాలో మొహం దాచుకున్నారు. ఆరెంపీ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో అడిగాను, ఆపరేషన్ అక్కర్లేదని నీకెలా తెలుసు బాబాయ్ అని.

"నాకు రోగం సంగతేం తెలుసమ్మాయ్? కవరు సంగతి తెలుసు."

రోగిని నర్సింగ్‌హోముకి చేరిస్తే డ్రైవరుకి ఒక కవరు ఇస్తారట. వెంటబెట్టుకొచ్చిన ఆరెంపీకి ఇంకాస్త మందపాటిది. రక్తపరీక్షల దగ్గర ఒక వాటా, మందుల షాపు దగ్గర ఇంకో వాటా. "ఇదంతా ఎవరు కడతారనుకున్నావ్? బిల్లులో కలిపేస్తారు. రోగి ఒక్కడే, బంతిలో కూర్చునేది పదిమంది."

మొదట్లో తనూ తీసుకున్నానని దాచకుండా చెప్పారు. ఆపరేషన్ చేయించుకొచ్చిన ఒక రైతు నెల తిరక్కుండా మళ్ళీ కారు మాట్లాడుకున్నాడట, ఆసుపత్రి అప్పు కోసం పొలం అమ్మి సంతకం పెట్టడానికి. "ఆసుపత్రికీ నేనే తీసుకెళ్ళా, రిజిస్ట్రారాఫీసుకీ నేనే తీసుకెళ్ళా. నా కవరు కూడా ఆ పొలంలోదేగా!"

డాక్టర్లంతా దొంగలేనని ఎవరైనా అంటే మాత్రం ఆయన ఊరుకునేవారు కాదు. నందిగామ డాక్టరమ్మ మాత్రం డాక్టరు కాదా అనేవారు. ప్రాణం మీదికొచ్చిన మనిషి కార్లో ఉంటే ఇంజను వేడెక్కేది కాదు. మునేటి వంతెన దాటి బెజవాడ చేరేదాకా ఎక్కడా ఆగేది కాదు. అక్కడ కవరు చేతిలో పెడితే, "ఇదేదో వీళ్ళ బిల్లులో తగ్గించండి" అని కౌంటరు దగ్గర నలుగురికీ వినబడేలా అనేవారు. హారను అక్కర్లేని ఆ గొంతు అక్కడ బాగా పనికొచ్చింది.

చివరికి ఆరెంపీలు ఆయన్ని పిలవడం మానేశారు. దారిలో ఆగిపోయే కారని ప్రచారం చేశారు. అదీ నిజమే కదా! కిరాయిలు సగానికి పడిపోయాయి. పిన్ని మా అమ్మ ఎదుటే నిలదీసింది, లోకాన్నంతా నువ్వే బాగుచెయ్యాలా అని. "లోకం సంగతి నాకెందుకే? నా కారెక్కినోళ్ళ సంగతి చాలు" అన్నారాయన. పెళ్ళి కిరాయిలతోనే సరిపెట్టుకున్నారు గానీ నందిగామలో ఆపడం మానలేదు.

మా చేను మాకే ఉంది. అమ్మ మళ్ళీ ఆపరేషన్ మాట వినాల్సిన పని పడలేదు. ఏటా కారం కొట్టించగానే మొదటి డబ్బా బాబాయి ఇంటికే వెళ్ళేది. ఈ ఏడు కూడా పంపింది. ఆయన పోయిన రోజు నాకు ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది. కవర్లు అలాగే ఉన్నాయి, ఆపే మనిషి లేడు.

పోయిన వారం మా బడి ఆయాకి కడుపునొప్పి వచ్చింది. బెజవాడ తీసుకెళ్ళాలన్నాడు అదే ఆరెంపీ, ఇప్పుడు జుట్టు నెరిసిపోయింది. నేను పట్టుబట్టి బాబాయి కారే మాట్లాడాను. ఆరెంపీ ముందు సీట్లో ఎక్కాడు. ఆయన కొడుకు నడుపుతున్నాడు. తండ్రి నోరు రాలేదు ఆ అబ్బాయికి. అతను ఏం చేస్తాడో నాకు తెలీదు. అతను ఆపకపోతే నేనే ఆపమందామని తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

నందిగామ వచ్చింది. మంచు ఇంకా విడవలేదు. కారు మెల్లగా పక్కకి తిరిగి ఆగింది.

"ఇంజను వేడెక్కిందండి" అన్నాడా అబ్బాయి నెమ్మదిగా, ఎవరి మొహమూ చూడకుండా.

ఆరెంపీ గడియారం చూసుకున్నాడు. ఆయా అప్పటికే కాలితో చెప్పులు వెతుక్కుంటోంది. ఎత్తిన బానెట్ పక్కనుంచి, నా భుజం పట్టుకుని, ఆసుపత్రి మెట్లెక్కింది.