ఉండలు కట్టిన బీరు

రూఫస్‌కు ఏ పనీ ఒంటరిగా చెయ్యడం రాదు. కృష్ణపట్నం రేవులో క్రేనెక్కి, లారీలంత పెట్టెల్ని అగ్గిపెట్టెల్లా దించి రిటైరైన మనిషి. ఇంట్లో సీసా మూత బిగించాలంటే మాత్రం ప్రహరీ మీదుగా తల చాచి "పెంచలన్నా, ఒక చెయ్యెయ్యవా" అని కేకేసేవాడు.

ఆయనకున్న ఒకే సరదా, ఇంట్లో బీరు కాయడం. విదేశీ ఓడలో వంటవాడెవడో నేర్పిన విద్య. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో కలియబెట్టి, వడగట్టి, కాచి, చల్లార్చి, డ్రమ్ములో పులియబెట్టాలి. వీధికి మాత్రం ఆయన భార్య సామ్రాజ్యం వేరే మాట చెప్పింది. మా ఆయనకు కిడ్నీలో రాళ్ళు, బార్లీ నీళ్ళు కాస్తున్నామని. కాగులకు కాగులు కాయడం చూసి, ఆయన కడుపులో ఉన్నది రాయి కాదు, కొండే అనుకున్నారు జనం. ఎదురింటి సుభాషిణి ఒకనాడు చెంబు పట్టుకొచ్చి, తన మొగుడికీ కాసిని పొయ్యమంది. సామ్రాజ్యం లోపలికి పోయి అప్పటికప్పుడు నిజం బార్లీ ఉడకేసింది.

పెంచలయ్య పక్కింటాయన. భార్య పోయింది, చూపు మందగించి చేపల వేట మానుకున్నాడు. బీరు వాసనే గిట్టదు. అయినా బార్లీ కలపడానికి ఆయనే రావాలి, అదీ తన పడవ తెడ్డుతో. సముద్రంలో వేసినట్టే వేసేవాడు. సగం రసం నేలపాలు, సగం రూఫస్ లుంగీపాలు. మిగిలినదాంట్లో ఉండలు. బీరు చింతపండు రసంలా పుల్లగా దిగేది.

"నీ చెయ్యి పడకపోతే కుదరదన్నా" అనేవాడు రూఫస్, లుంగీ పిండుకుంటూ.

బీరు కాయని రోజు డ్రమ్ము కడగాలి. అదీ లేని రోజు సీసాలు ఎండబెట్టాలి. పని ముగిసేసరికి సరిగ్గా అన్నాల వేళయ్యేది. చెమటోడ్చిన మనిషిని ఊరికే పంపుతారా? సామ్రాజ్యం సణుక్కుంటూనే చేపల పులుసు వడ్డించేది.

పెద్దాయన చేత చాకిరీ చేయించుకుంటున్నామన్న సిగ్గు ఆమెను తినేసింది. మొగుడి పుట్టినరోజుకు బీరు కాచే మిషను తెప్పించింది. ఒకే స్టీలు డ్రమ్ము. వేడి చేసేదీ అదే, కలిపేదీ అదే, కాచి చల్లార్చేదీ అదే.

"ఇంక ఎవురి చెయ్యీ అక్కర్లా. మీట నొక్కి కూసోండి."

"అంతా అదే చేసుకుంటాదా?" అన్నాడు రూఫస్. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. సంతోషంతో మాట తడబడుతోందనుకుంది ఆమె. కాగుల్ని పాతసామాన్లవాడికి వేసింది. తెడ్డును శుభ్రంగా కడిగి, ఇన్నాళ్ళూ మీకు శ్రమిచ్చామని చెప్పి, పెంచలయ్యకు తిరిగిచ్చి వచ్చింది.

మిషను బీరు అమృతంలా కుదిరింది. తాగిన స్నేహితులందరూ మెచ్చుకున్నారు. రూఫస్ అరగ్లాసుతో లేచిపోయాడు.

పెంచలయ్య రావడం మానేశాడు. అన్నానికి పిలిస్తే తిన్నానమ్మా అనేవాడు. ఒక మధ్యాహ్నం సామ్రాజ్యం బట్టలు ఆరేస్తూ గోడవతలికి చూసింది. పెంచలయ్య గడపలో కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్నాడు. పక్కనే గోడకు ఆనించిన తెడ్డు.

గబగబా లోపలికొచ్చింది.

"మీకు చేతగాక పిలిచేవోళ్ళా, ఆయన తింటాడని పిలిచేవోళ్ళా?"

రూఫస్ మిషను వైపు చూశాడు. "ఊరికే పిలిస్తే తినే మనిషైతే ఊరికే పిలిచుందును."

"నాతో ఒక మాట అనుండగూడదా?"

"అనుంటే నువ్వు ఒక గరిటె ఎక్కువేసుందువు సామ్రాజ్యం. కనిపెట్టేస్తాడు."

మిషనొచ్చాక, అన్నం మిగిలిందని ఆమె కాకులకు వేసిన మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి. ఆ తెడ్డును తనెంత శుభ్రంగా కడిగిచ్చిందో కూడా.

మళ్ళీ బీరు కాసే రోజు మిషను గుర్రుమంటూ తిరుగుతోంది. సామ్రాజ్యం వెళ్ళి ప్లగ్గు పీకేసింది. గోడ మీదుగా తల చాచింది.

"పెంచలన్నా, ఒక చెయ్యెయ్యవా."

"మిషనుండాది గదమ్మా?"

"ఉండాదన్నా. దానికి ఉండలు కట్టడం చేతగాలా. మా ఆయనకు ఆ ఉండల రుచే కావాలంట."

పెంచలయ్య లేచి లుంగీ ఎగ్గట్టాడు. "మిషన్లకు అవన్నీ యాడొస్తాయిలే" అని తెడ్డందుకున్నాడు.

మూత తీసిన స్టీలు డ్రమ్ములో తెడ్డు పడగానే సగం రసం నేలపాలైంది. రూఫస్ లుంగీ తడిసింది. పులుసు వడ్డించేటప్పుడు గరిటె ఎక్కువ పడకుండా సామ్రాజ్యం చెయ్యి బిగబట్టుకుంది.

"పులుపు తక్కువైందమ్మా" అన్నాడు పెంచలయ్య, పని చేసినవాడి దర్జాతో.

బీరులో మాత్రం ఆ లోటు లేదు.