వంకర మేకు మీద ఉంగరం

కశింకోట నుంచి అనకాపల్లి వచ్చే షేర్ ఆటోలో ఎంత రద్దీ ఉన్నా నాకు మాత్రం కాళ్ళు చాపుకునేంత చోటు దొరికేది. నా అందం చూసి కాదు, నా వాసనకి. ఆవు కడుపులో సగం నానిన గడ్డి వాసన ఒకటుంటుంది. పుల్లగా, వెచ్చగా ఉంటుంది, సబ్బుకీ సెంటుకీ లొంగదు. నాలుగేళ్ళు నా ఒంటి వాసన అదే. పక్కన కూర్చున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటమ్మా, ఎక్కడ పని సేత్తన్నావు?" అని అడిగితే, "యూనివర్సిటీలో" అని గొప్పగా చెప్పేదాన్ని. ఒక్కరూ నమ్మేవారు కాదు.

పాడి పశువుల మేత మీద పరిశోధన చేసే ల్యాబ్ మాది. చెరకు నరికాక పొలంలో మిగిలిపోయే ఆకుని గోతిలో మాగవేసి పెడితే ఆవుకి ఎంతవరకు అరుగుతుందన్నది నా పీహెచ్‌డీ. మనుషులం నలుగురం. మా ప్రొఫెసర్ సారు, టెక్నీషియన్ అక్క, ఆవుల్ని చూసుకునే బాబాయి, నేను. అయిదోది కిటికీ ఆవు. దాని ఎడమ డొక్కలో ఆపరేషన్ చేసి ఒక రబ్బరు మూత బిగించారు. మూత తీసి చెయ్యి పెడితే నేరుగా కడుపే. మేత నింపిన నైలాన్ సంచుల్ని అందులో వేలాడదీసి, అనుకున్న వేళకి బయటికి లాగి, ఎంత అరిగిందో చూస్తాం. ఆవుకి నొప్పేమీ ఉండదు. మనం చంకదాకా చెయ్యి దూర్చినా అది నిమ్మళంగా నెమరేసుకుంటూనే ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళే కళ్ళు తిరిగి పడిపోతుంటారు.

గ్లవుజు వేసుకుంటే సంచి తాడు వేళ్ళకి తెలియదు. అందుకని ఉత్త చేతికి కొబ్బరినూనె రాసుకుని దిగుతాం. దిగే ముందు ఉంగరాలూ వాచీలూ తీసి షెడ్డు గోడకున్న వంకర మేకుకి తగిలించాలి. ఇది మా సారు పెట్టిన రూలు. ఆ మేకు పైన ఆయన సంతకంతో బోర్డు కూడా ఉంది.

అంత రూలు పెట్టిన సారు ఉంగరమే నేను చేరిన ఏడాది పోయింది. ఎర్ర పగడం పొదిగిన బంగారు ఉంగరం. జాతకాలన్నీ మూఢనమ్మకాలని క్లాసులో గంటసేపు దంచే మనిషి, కుజదోషానికి ఆ పగడం పెట్టుకున్నాడని మా అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. ఆ రోజు నక్కపల్లి నుంచి రైతులు వచ్చారు. సారు వాళ్ళకి కిటికీ ఆవుని చూపించి, తనే చెయ్యి పెట్టి పిడికెడు మేత తీసి, వాళ్ళ ముక్కుల దగ్గర పెట్టి నానా హడావిడీ చేశారు. రైతులు వెళ్ళిపోయాక చూస్తే వేలికి ఉంగరం లేదు.

"మేకుకే తగిలించాను. నాకు బాగా గుర్తు" అన్నారు సారు.

ఆ సమయానికి షెడ్డులో ఉన్నది బాబాయి ఒక్కడే. సారు ఫిర్యాదు చెయ్యలేదు, పోలీసుల్ని పిలవలేదు. గాలిలోకి చూస్తూ, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అని ఒక్క సామెత వదిలి వెళ్ళిపోయారు. మర్నాడు బాబాయి మొలతాడుకి ఉండే దాణా గది తాళంచెవి టెక్నీషియన్ అక్క హ్యాండ్‌బ్యాగులోకి మారింది.

ఇరవై ఏళ్ళుగా ఆ తాళంచెవి బాబాయి నడుముకే ఉండేది. అది పోయాక కూడా, మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి నడుము దగ్గరకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చేది. పొద్దున్నే వచ్చి దాణా గది ముందు, అక్క ఆటో దిగేదాకా, మూసిన తలుపుకేసి చూస్తూ నిలబడేవాడు. మేము మేకుకి ఏదైనా తగిలిస్తుంటే చాలు, పని మానుకుని బయటికి వెళ్ళిపోయేవాడు.

"ఎందుకు బాబాయ్ అలా వెళ్ళిపోతావు?" అని ఒకసారి అడిగాను.

"ఆ మేకు కాడ నాకేటి పనమ్మా? వచ్చే యేడు రిటైరైపోతాను. దొంగ పేరు మోసుకుని ఇంటికెళ్తే నా ముసల్ది నాకు కూడెట్టదు" అని నవ్వాడు. నవ్వాడు గానీ, ఆ ఏడాది లోపల తాళంచెవి మళ్ళీ తన నడుముకి వస్తే చాలని ఆయన ఎంత కొట్టుకుపోతున్నాడో నాకు ఆ నవ్వులోనే తెలిసింది.

ఇక నా ఘనకార్యం చెబుతాను. నాకు నిశ్చితార్థమైంది. కాబోయే అత్తగారు ఉంగరం తొడిగిస్తూ, "పెళ్ళిదాకా వేలి నుంచి తియ్యకూడదమ్మా" అన్నారు. పశువుల కడుపులో చేతులు పెట్టే కోడలు దొరుకుతుందని పాపం ఆవిడ కలగనలేదు కదా. నాకేమో పొగరు. మూడేళ్ళుగా దిగుతున్నదాన్ని, నా వేలి నుంచి ఉంగరం ఎలా జారుతుందో చూద్దామనుకున్నాను. ఆ సోమవారం ఉంగరంతోనే, నూనె చేత్తోనే దిగాను. ఆ పూట తియ్యాల్సిన సంచులు లాగి, చెయ్యి కడుక్కుంటే వేలు బోసిగా ఉంది.

 ఇంతలో అక్క రానే వచ్చింది. ఆవిడ కళ్ళు ఎక్స్‌రే మిషన్లు.

"ఓలమ్మో! ఉంగరమేదే?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ చూపు మేకు మీదికి పోయింది. మేకు మీంచి బాబాయి మీదికి పోయింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది, ఆవు కడుపులో పడిందని. చెప్పలేదు. రూలు తప్పానని సారు తిడతారని భయం, చేతకానిదాన్నని అక్క నవ్వుతుందని సిగ్గు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజానికి అక్కడ దొంగలా ప్రవర్తించినదాన్ని నేనొక్కదాన్నే.

అక్క పరుగెత్తి సారుని తీసుకొచ్చింది. "మళ్ళీనా?" అన్నారు సారు. ఆ తర్వాత సామెత ఎత్తుకున్నారు. "ఇంటి దొంగని..."

సామెత పూర్తి కాలేదు. బాబాయి చొక్కా జేబు తిరగేశాడు. బీడీకట్ట, అగ్గిపెట్టె కింద పడ్డాయి. టిఫిన్ క్యారేజీ తెచ్చి గిన్నెలన్నీ విప్పి నేల మీద వరసగా పెట్టాడు. చద్దన్నం, ఉల్లిపాయ, అడుగు గిన్నెలో గోంగూర పచ్చడి. "సూడండి బాబూ, అన్నం కెలికి సూడండి" అన్నాడు.

ఆ గోంగూర పచ్చడి చూశాక నాకు ఏడుపు ఆగలేదు. "ఆవు కడుపులో పడింది సార్! నేనే ఉంగరం తియ్యకుండా దిగాను! నాదే తప్పు!" అని అరిచేశాను. నా అరుపుకి ఆవు కూడా ఒక్క క్షణం నెమరు ఆపింది.

సారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అచ్చుకి పనికిరావు. బాబాయికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు, కనీసం అటు చూడనైనా లేదు. చివరికి, "శుక్రవారం ప్రయోగం అయ్యేదాకా ఉంగరం కోసం ఆవు కడుపు కెలకొద్దు. బంగారం ఎక్కడికీ పోదు. బరువైనదేదైనా కడుపు ముందువైపున్న చిన్న అరలోకి జారి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది" అని పాఠం చెప్పి వెళ్ళిపోయారు. పాఠం మాత్రం అక్షరాలా నిజం.

శుక్రవారం దాకా అత్తగారిని మేనేజ్ చెయ్యడం ఇంకో కథ. రోజూ వీడియో కాల్ చేసేవారు. తలుపులో వేలు నలిగిందని అబద్ధమాడి కట్టు కట్టుకున్నాను. ఆవిడ పసుపు పెట్టమన్నారు, వేపాకు నూరి వెయ్యమన్నారు. చెప్పిన మందల్లా వేశానని చూపించడానికి రోజుకో చుట్టు పెంచుతూ పోయాను. గురువారానికి నా వేలు మొక్కజొన్న పొత్తంత అయింది. "అయ్యో, వేలు తీసేస్తారేమో" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

శుక్రవారం సారు ఎలమంచిలిలో రైతుల మీటింగుకి వెళ్ళారు. మధ్యాహ్నం చివరి సంచులు బయటికి తీశాం. తర్వాత బాబాయి ఆవుకి దణ్ణం పెట్టుకుని మూత తీశాడు. కడుపులో మేతని సగం పైగా చేతులతో తోడి, వెచ్చదనం పోకుండా మూతలున్న టబ్బుల్లో పోశాం. అక్క ఎక్కడి నుంచో ఒక అయస్కాంతం పట్టుకొచ్చింది.

"బంగారం అయస్కాంతానికి అంటుకోదక్కా" అన్నాను.

"నీ ఉంగరం బంగారమే అని నీకేటి గేరంటీ?" అంది. కాబోయే అత్తగారి పరువు కోసం ఆ అయస్కాంతం లాక్కుని పక్కన పడేశాను.

బాబాయి చెయ్యి మా అందరికన్నా పొడుగు. చంక దాటి భుజం దాకా దూర్చి, చెంప ఆవు డొక్కకి ఆనించి, కళ్ళు మూసుకుని వెతికాడు. మొదట ఒక మేకు వచ్చింది. తర్వాత వైరు ముక్క. తర్వాత నా ఉంగరం. నేను ఎగిరి గంతేశాను. ఆయనేమో చెయ్యి మళ్ళీ లోపలికి పంపించాడు.

"చాలు బాబాయ్, దొరికింది కదా!"

"ఉండమ్మా. ఇంకోటేదో గుండ్రంగా తగిలినాది."

ఈసారి అరచేతిలో నల్లగా మసిబారిన ఉంగరం. బొటనవేలితో తుడిస్తే ఎర్ర పగడం బయటపడింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.  నక్కపల్లి రైతుల ముందు గొప్పకి పోయి, తన రూలు తనే మరిచిపోయి, ఉంగరంతోనే దిగిన మనిషి రెండున్నరేళ్ళుగా ఈ మనిషిని దొంగ అనుకుంటూ బతికాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తాను సారుని" అన్నాను.

"నువ్వాగమ్మా" అన్నాడు బాబాయి. అక్క ఉంగరం కడగబోతే, "కడక్కు. అలగే ఉండనీ" అన్నాడు. తీసుకెళ్ళి వంకర మేకుకి తగిలించాడు. ఉంగరం పోయాక ఆయన ఆ మేకు దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి. తిరిగొచ్చి మేతంతా ఆవు కడుపులో పోసి, మూత బిగించి, డొక్క తుడుస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం సారు వచ్చారు. "దొరికిందా?" అంటూ షెడ్డులోకి వచ్చి, గోడ దగ్గర ఆగిపోయారు.

"ఇది... ఇదెక్కడిది?"

బాబాయి లేవలేదు. "మేకుకే తగిలించేనన్నారు గదా బాబూ. మేకుకే ఉంది."

మా సారు ముక్కు జిల్లాలో పేరున్న ముక్కు. మాగిన మేత వాసన చూసి, అది గోతిలో ఎన్నాళ్ళు ఉందో చెప్పగలరు. ఆయన ఉంగరం తీసి, అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ వాసన సబ్బుకే లొంగదు, ఇక ప్రొఫెసరుకి ఏం లొంగుతుంది? ఆయన మొహం మొదట తెల్లబడింది, తర్వాత పగడం రంగుకి తిరిగింది. నేనూ అక్కా గోడకేసి తిరిగి నోళ్ళు నొక్కుకున్నాం.

సారు ఉంగరం జేబులో వేసుకుని, అక్క వైపు చెయ్యి చాపారు. అక్క హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. దాన్ని పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళి, "తీసుకో. తప్పు నాదే" అన్నారు.

బాబాయి లేచి నిలబడి, మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్న చేతులు రెండూ చూపించాడు. "నా సేతులు సూడండి బాబూ, ఎలగున్నాయో. మొలతాడుకి మీరే కట్టీయండి."

సారు మా వైపు చూశారు. మేము మేకు పైనున్న బోర్డు చదువుతున్నాం. ఆయన ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళు ఆ పేడ నేల మీద ఆనించి కూర్చుని, బాబాయి మొలతాడు వెతికి, తాళంచెవి కట్టడం మొదలుపెట్టారు. రెండుసార్లు వేసినా ముడి జారిపోయింది. బాబాయి చేతులు పైకెత్తి పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, మా వైపు చూసి ఒక కన్ను గీటాడు.

"ముడి గట్టిగెయ్యండి బాబూ. వదులైతే ఏ ఆవు కడుపులోకో జారిపోద్ది."