ఇసుక మబ్బులు

పని ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా మా మేనత్త కళ్ళజోడు తీసి, చున్నీతో తుడుచుకుంటూ "ఇంకోసారి చూడాల" అనేది.

దేవేంద్ర నగర్‌లో మా పక్క వాటాలో ఉంటూ ఆమె పీహెచ్‌డీ చేసేది. నక్షత్రం కాలేక, గ్రహమూ కాక మిగిలిపోయిన గోళాలు కొన్ని ఉన్నాయట. వాటి మీది మబ్బుల్లో నీళ్ళుండవు, నిప్పులాంటి ఇసుక రేణువులుంటాయి. ఆ మబ్బుల్ని లెక్కలోకి తెచ్చినప్పుడల్లా ఆ గోళాల వెలుగుకు ఆమె లెక్కకట్టి గీసిన గీత టెలిస్కోపు చూపిన గీతతో కలిసేది కాదు. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని గైడు దగ్గరకు వెళ్ళింది. "బాదల్ హటా దీజియే, మేడమ్" అన్నాడాయన విసుగ్గా. మబ్బులు తీసేసి, వేడి అంకెలు కాస్త జరపమన్నాడు. అత్త అక్కడే చేసి చూసింది. రెండు గీతలూ అతికినట్టు కలిసిపోయాయి. ఆయన సంతకానికి పెన్ను తీశాడు. అత్త కంప్యూటర్ మూసేసి బయటికి వచ్చేసింది.

ఆటో తెలీబంధా చెరువు దాటేదాకా ఓపిక పట్టి, ఇక అరిచాను.

"సరిపోయింది కదత్తా! ఇంకేటి పరేషానీ నీకు?"

"సరిపోయిందే, అదే నా ఏడుపు. ఆ వేడికి ఇసుక మబ్బు కట్టకుండా ఎలాగుంటాది? లేదని నా చేత్తో ఎలాగ రాస్తానే?"

డిగ్రీ రాలేదు. రావలసిన కాలేజీ ఉద్యోగమూ పోయింది. అభన్‌పూర్‌లో స్కూలు పిల్లలకు సైన్సు చెప్పడానికి రోజూ బస్సెక్కడం మొదలుపెట్టింది. ఆ కోపంతో నేను నెలల తరబడి ఆమెతో సరిగా మాట్లాడలేదు.

మొన్న వాళ్ళింటికి వెళితే, మబ్బులతోనే లెక్క వేస్తూ కనిపించింది. ఇంకా కలవలేదట. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.