కల్వకుర్తి కనిపించే కిటికీ

నిన్న మధ్యాహ్నం లంచ్ చేసి వచ్చి సీట్లో కూర్చున్నాను. టీం గ్రూపులో ఒక మెసేజ్.

సుజాత అక్క ఇక లేదు.

వేరే సుజాత ఎవరో అయి ఉంటుందిలే అనుకున్నాను. "సోమవారం సర్వపిండి తెస్త, నాష్టా చేసి రాకు" అని శుక్రవారమే కదా చెప్పి వెళ్లింది!

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరకముందే, ఇంట్లోనే గుండె ఆగిపోయిందట. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

అక్కను ఎరగనివాళ్ల కోసం చెప్తున్నాను. మాది హైదరాబాద్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఫోన్లో దారి చూపించే యాప్‌ను టెస్ట్ చేసే టీం మాది. అక్క మాకు లీడ్. ఆమెది కల్వకుర్తి, నాది నల్గొండ.

చేరిన కొత్తలో ఆ బిల్డింగ్ అంటేనే నాకు భయం. ఎటు చూసినా అద్దాలు, ఏసీ చలి. మీటింగ్‌లో అందరూ గడగడా ఇంగ్లిష్ మాట్లాడుతుంటే నాకు నోరు పెగిలేది కాదు.

ఒకరోజు రిజైన్ మెయిల్ టైప్ చేసి, పంపాలా వద్దా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అక్క వెనక నిలబడి చదివేసింది. చేయి పట్టుకుని కారిడార్ చివర కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"అగో, గా గుట్టలు కనవడ్తున్నయా? గవి దాటితే మా కల్వకుర్తి. జర ఎడమకు సూడు, గటు మీ నల్గొండ. ఇల్లు కండ్ల ముంగటనే ఉన్నది. ఇంక ఫికరెందుకు చెల్లే?"

దూరంగా మసక మసకగా నీలం గుట్టలు. వాటి మీద ఒక తెల్ల మబ్బు. ఆ మబ్బు కిందే మా అమ్మ బట్టలు ఆరేస్తూ ఉంటుందనిపించింది.

భయం మెల్లగా దిగిపోయింది. మెయిల్ డిలీట్ చేశాను.

ఆ తర్వాత రోజూ చాయ్ అక్కడే. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. అలా చూస్తూ ఉంటే ఆఫీసు చప్పుడంతా ఎటో పోయేది.

"మీ దిక్కు వాన వడ్తాంది" అనేది అక్క. నేను ఇంటికి ఫోన్ చేసేదాన్ని. "ఏడిదే వాన? సుక్క లేదు" అనేది అమ్మ.

అయినా నాకు అనుమానమే రాలేదు!

కొన్నేళ్ల తర్వాత యాప్‌లో కొత్తగా కంపాస్ పెట్టారు. ఆ కిటికీ దగ్గరే నిలబడి టెస్ట్ చేస్తే, మా ఎదురుగా ఉన్నది ఉత్తరం అని చూపించింది. కల్వకుర్తేమో హైదరాబాద్‌కు దక్షిణాన ఉంటుంది.

"గిదేం కంపాస్? మా ఊరు నాకు తెల్వదా?" అని అక్క అప్పటికప్పుడు యాప్‌లో తప్పుందని బగ్ రాసి పంపింది. అర్జెంట్ అని కూడా పెట్టింది.

ఆ కంపాస్ తయారుచేసిన డెవలపర్ నవ్వుకుంటూ వచ్చి, మమ్మల్ని గేటు బయటికి తీసుకెళ్లి పొద్దు గూకుతున్న వైపు చూపించాడు. పడమర అటుంది. అంటే మా కిటికీ ఉన్నది ఉత్తరానికే.

ఇన్నేళ్లూ మేము ఇంటి మీద బెంగపడింది మెదక్ వైపు చూసి!

లోకానికంతా దారి చూపించే టీం మాది. అక్క ఆ గేటు దగ్గరే కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"పోనీ తియ్యే. గది గూడ ఎవలదో ఒక ఊరే గద" అంది.

మర్నాడు చాయ్ మళ్లీ అదే కిటికీ దగ్గర తాగాం.

ఈ రోజు మొదటిసారి కల్వకుర్తి వెళ్లాను. అక్కను సాగనంపాక, వాళ్ల అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కంపిని కంపిని అని ఉరుకుతుండె బిడ్డా. గాడ ఏం పని జేస్తుండెనో నాకు సమజే కాలే. నువ్వన్న జెప్పు."

టెస్టింగ్ అనీ, బగ్ అనీ ఆ తల్లికి ఏం చెప్పను?

"కొత్తగ వచ్చినోళ్లు భయపడి పోకుంట ఆపేదమ్మా. నన్ను గూడ గట్లనే ఆపింది" అన్నాను.

ఆమె నా తల మీద చేయి పెట్టింది.

"మంచి పనే" అంది.

పోయిరా అక్కా. ఏ ఫికరూ లేకుండా చల్లగా నిద్రపో.