నాన్న పాటలో అమ్మ చోట్లు

దయ్యాల్ని నేను నమ్మను. మా తమ్ముణ్ణీ నమ్మను. మొదటిది చదువు నేర్పింది, రెండోది అనుభవం. "మీకు నిద్ర చాలలేదమ్మా" అని ఉచిత వైద్యం చేసేవాళ్ళకి ముందే చెబుతున్నాను, ఇది మిట్టమధ్యాహ్నం, పదిమందిలో జరిగింది.

మా నాన్న పోర్టులో కలాసీ. డ్యూటీ దిగి స్నానం చేశాక జముకు చంకలో పెట్టుకుని కూర్చునేవాడు. జముకంటే తోలు మూసిన చిన్న వాయిద్యం, మధ్యలోంచి ఒక్క తంతి. అది మీటుతూ పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా కథ పాడేవాడు. చరణం ఆగినచోటల్లా వంటింట్లోంచి అమ్మ వంత పలికేది, ప్రతిసారీ అదే మాట. అంతే కచేరీ. బయట పూర్ణా మార్కెట్ లారీలు ఎంత మోగినా ఆ గదిలో ఆ తంతి చప్పుడే పెద్దది.

తమ్ముడు పాలు తాగే వయసులో ఉండగా అమ్మ పోయింది. నాన్న పాడటం మానలేదు. అమ్మ పలికే చోట ఆగి, ఆమె పలికేంతసేపు ఊరుకుని, మళ్ళీ ఎత్తుకునేవాడు.

నాన్న పోయాక, తమ్ముడు తన ఫోన్లో మిగిలిన నాన్న ఒకే ఒక్క పాటకి కీబోర్డూ ప్యాడ్లూ వేయించాడు. ఖాళీలన్నీ కోయించేశాడు.

"నాన్న మాటమాటకీ మర్సిపోతన్నాడే అక్కా. సరిసేయించాను," అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

"మర్సిపోడం కాదురా ఎదవా, అయ్యి అమ్మ సోట్లు. అసలుది ఇయ్యి."

"అదింకెక్కడుంది? సెరిపేసినాను."

అమ్మా నాన్నా కలిసున్న ఆఖరి చోటు అది. దాన్ని చెరిపేసి, పెద్దకర్మకి డాబా మీద ఇంత పెద్ద స్పీకరు పెట్టాడు. వాడితో మాట్లాడనని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను.

పాట మొదలైంది. కీబోర్డు లేదు. తంతి, నాన్న గొంతు, అంతే. చరణం ఆగింది. నిశ్శబ్దం. తమ్ముడు ఫోన్ అటూ ఇటూ నొక్కుకుంటున్నాడు.

రెండో ఖాళీలో మా మరదలు, తమ్ముడి పెళ్ళాం, పలికింది. ఎలమంచిలి పిల్ల, అమ్మని ఎరగదు. నాన్న జముకు తీస్తే గది తలుపేసుకునేది, ఆయన్ని అంకుల్ అనేది. ఆకులు తుడుస్తూ, తలెత్తకుండా, "ఊఁ, ఆ తల్లి ఏటన్నాది మావా?" అంది. చివర్న చిన్న నవ్వు.

రెక్క పట్టుకుని నిలదీశాను. "ఏటన్నావే ఇప్పుడు?"

"నానేటన్నాను వదినా? సెయ్యొగ్గు, నొప్పెడతంది."

నటించలేదు. ఆవిడ నటన నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

సాయంత్రం అదే ఫోన్లో అదే పాట మళ్ళీ పెట్టించాను. కీబోర్డు, ప్యాడ్లు. ఒక్క ఖాళీ లేదు. మధ్యాహ్నం అలా లేదని మా మేనత్త ఇప్పటికీ అంటుంది.

పాతది పొరపాటున పడిందంటాడు తమ్ముడు. పడిందే అనుకుందాం. మరెక్కడుందిరా అంటే ఫోన్ జేబులో వేసుకుని లేచిపోతాడు. పోనీ, వాడి ఫోన్ సంగతి ఏ రిపేరువాడో తేలుస్తాడు. మరదలి నోట్లోకి వచ్చిన ఆ మాట సంగతి ఎవరు తేలుస్తారు?

అమ్మ నోట ఆ మాట, ఆ నవ్వు విన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అమ్మ వంత అదేనని నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.