వాయిదా వాయిదాకూ ఒక చాప్టరు

సీమ అంటే చాలు, సినిమావాళ్ళకు సుమోలు గాల్లోకి లేస్తాయి. పగ అనేది మా తాగేనీళ్ళలోనే ఉందని వాళ్ళ నమ్మకం. మా ఇంట్లో మాత్రం పగబట్టింది నేనొక్కదాన్నే, అది కూడా లాంగ్ నోటుబుక్కులో రాసుకున్న నవలలో. అప్పుడు నాకు పదహారేళ్ళు. ధర్మవరంలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. నేను చంపాలనుకున్న మనిషి ఒక లారీ డ్రైవరు.

నిజానికి ఆ నవలను పగతో మొదలుపెట్టలేదు, ఒళ్ళు బలుపుతో మొదలుపెట్టాను. అద్దె పుస్తకాల షాపులో ఉన్నవన్నీ చదివేసి, వీటికన్నా బాగా నేను రాయగలనని అన్నతో పందెం వేశాను. అన్న నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నాయన మగ్గం నేసేవాడు, అన్న పట్టుకు రంగులు అద్దే పనికి పోయేవాడు. మణికట్ల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ చేతుల్ని చూస్తుంటేనే నాకు కథ తట్టింది.

రాబోయే కాలంలో ఎప్పుడో ఒక సర్కారు వస్తుంది. రంగు బట్ట కట్టుకున్నవాళ్ళకు ఆశలు పుడతాయని, ఆశలు పుట్టినవాళ్ళు మాట వినరని, ఆ సర్కారు రంగులన్నిటినీ నిషేధిస్తుంది. ధర్మవరం చుట్టూ ముళ్ళకంచె వేస్తారు. హిందూపురం దొంగ రంగులు దొరికే సరిహద్దు సంత అవుతుంది. పెనుకొండ కోటలో సర్కారు కచేరీ. నా కథానాయిక ఎర్రరంగు మూట నడుముకు కట్టుకుని, సర్కారు మనుషుల కళ్ళు కప్పి ఆ కొండ దాటాలి. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు రాస్తుంటే నాకు నిజంగానే గుండె దడదడలాడేది.

ఆదివారం అన్నాలు తిన్నాక నేను చదివేదాన్ని, అన్న గోడకు ఆనుకుని వినేవాడు. వంకలు పెట్టడంలో మొనగాడు.

"కంచె కాడ దాని చేతులు చూడకుండా ఎట్ల ఇడిసిపెడతారే? రంగు వారమైనా పోదు."

"చేతులకు గుడ్డ చుట్టుకునింది."

"ఎండాకాలం చేతులకు గుడ్డ చుట్టుకుంటే అనుమానం రాదా? నీ సర్కారోళ్ళు అంత ఎడ్డోళ్ళా?"

నేను నోటుబుక్కు విసిరికొట్టేదాన్ని. మర్నాడు ఆ పేజీ కొట్టేసి అన్న చెప్పినట్టే రాసేదాన్ని. అన్న తప్ప నా నవల గురించి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

ఒకరోజు అన్న తన మేస్త్రీ మోపెడ్ తీసుకుని పట్టు తేవడానికి హిందూపురం పోయాడు. తిరిగి వస్తుంటే సోమందేపల్లి దాటాక లారీ గుద్దింది. లారీలు గుద్దితే నిలబడవు, ఇది నిలబడింది. డ్రైవరు దిగి, అన్నను తన క్యాబిన్లో పడుకోబెట్టుకుని పెనుకొండ ఆసుపత్రికి తెచ్చాడు. లోపలికి తీసుకుపోయేసరికే ప్రాణం పోయిందన్నారు. మేము వెళ్ళేసరికి అన్న మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. చేతులు బయటికున్నాయి, పసుపుపచ్చగా. ఆ వారం పసుపు రంగు పని.

అమ్మ ఏడుస్తూ అందరినీ ఒకటే అడిగేది. "పోయేటప్పుడు నా బిడ్డ ఏమన్నా అన్న్యాడంటనా? అమ్మా అని పిలిచినాడంటనా?" డాక్టరును అడిగింది, నర్సమ్మను అడిగింది, పోలీసును కూడా అడిగింది. ఎవరికి తెలుస్తుంది? దారిలో ఆ అరగంట మా అన్నతో ఉన్నది ఆ డ్రైవరొక్కడే.

పదకొండో రోజు కర్మ అయ్యాక నోటుబుక్కు తీశాను. కథలో నాయికకు అంతదాకా అన్న లేడు. ఒక అన్నను పుట్టించాను, పుట్టించిన పేజీలోనే సర్కారు బండి కింద చంపేశాను. ఇక రంగులూ లేవు, కంచెలూ లేవు. ఆ బండి తోలినవాణ్ణి వెతికి చంపడమే నా నాయిక పని.

కేసు పెనుకొండ కోర్టుకు వచ్చింది. వాయిదా ఉన్న రోజు నాయన మగ్గం ఆపి, నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు ఎక్కేవాడు. నాయనకు చదువు రాదు, కాగితాలు నేను చదివి చెప్పాలి. మా ప్లీడరు మొదటిరోజే గట్టిగా హెచ్చరించాడు. "అవతలోళ్ళతో పలకరింపులు పెట్టుకోవాకండి. రాజీ అయిపోయినారంటారు, కేసు నీరుగారిపోతుంది." అందుకని కోర్టు వరండాలో ఈ చివర మేము, ఆ చివర డ్రైవరు. నాకు అదీ మేలే అనిపించింది. నవలకు విలన్ కావాలి, విలన్ కళ్ళెదురుగా కూర్చున్నాడు. తేరిపార చూసి, ఇంటికి పోయి రాసుకోవచ్చు.

తీరా చూస్తే ఏముంది? ఎర్రటి కళ్ళు లేవు, మెలేసిన మీసం లేదు. సన్నటి మనిషి, అరిగిపోయిన చెప్పులు, భుజాన తుండుగుడ్డ. శనక్కాయలు వలుచుకుని తిని, పొట్టును వరండాలో పడేయకుండా చొక్కా జేబులో వేసుకునేవాడు. పొట్టు జేబులో వేసుకునే విలన్‌ను పెట్టుకుని నేనేం రాయను? ఒకసారి ఎండ మా బల్ల మీదికి వచ్చిందని, తన బల్ల ఖాళీ చేసి నాయన వైపు చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. నాయన లేవబోయాడు, నేను చొక్కా పట్టుకుని లాగాను. ఛీ, వీడి మర్యాద ఎవడికి కావాలి అనుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి, కథలో వాడికి ఒక కన్ను తీసేశాను.

వాయిదా వాయిదాకూ ఒక చాప్టరు. అలా రెండేళ్ళు దాటింది. జడ్జిగారు సెలవంటే ఒక చాప్టరు, వాళ్ళ ప్లీడరు రాలేదంటే ఒక చాప్టరు. నాయిక ఆ బండివాణ్ణి కోట గోడల మీద తరిమింది, బురుజుల్లో తరిమింది. మూడుసార్లు దొరికాడు, మూడుసార్లూ తప్పించుకున్నాడు. తప్పించింది నేనే. వాడు చస్తే కథ అయిపోతుంది, కథ అయిపోతే అన్న కూడా పూర్తిగా పోతాడు. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. నాయిక కత్తిని వాడి గొంతు మీద పెట్టి అడుగుతుంది, "మా అన్న ఆఖరున ఏమన్నాడు?" అని. అక్కడికి రాగానే నా పెన్ను ఆగిపోయేది. రంగుల్లేని దేశాన్ని సృష్టించినదాన్ని, ఆ ఒక్క జవాబు సృష్టించలేకపోయాను. ఏం రాసినా అబద్ధమే. ఒట్టు, నాకు వాడి చావు కన్నా ఆ జవాబే కావాలనిపించేది.

చివరికి చూసిన సాక్షులు లేరని కేసు కొట్టేశారు. నాయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, "పదమ్మా, రైలుకు టయమైతాంది" అన్నాడు. కోర్టు బయట సోడాబండి దగ్గర ఆ డ్రైవరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇక పోవడానికి కేసు లేదు, నీరుగారడానికేమీ లేదు. నా కాళ్ళు అటు తిరిగాయి.

"యాడికే?" అన్నాడు నాయన.

"ఉండు నాయనా, వస్తా."

నన్ను చూసి అతను లేచి నిలబడి, భుజం మీది తుండు చేతిలోకి తీసుకున్నాడు.

"మా అన్న ఏమన్న్యాడు?" అన్నాను. నమస్కారం లేదు, పాడూ లేదు. ఎప్పుడని అతను అడగలేదు.

"ఏమీ అన్లేదు తల్లీ. మాట్లాడే సత్తువ యాడుండె ఆ పిల్లోనికి? కండ్లు మూతలు పడతాండె. నిద్దరపోతే ఇంక లేయడేమోనని నాకు బయం. అందుకని నేనే ఏదో ఒకటి చెప్తా వచ్చినా. ఊ కొట్టప్పా, ఊ కొట్టు అన్న్యా. కొట్టినాడు."

"ఏం చెప్పినావు?"

"నాకేం కతలొస్తాయి తల్లీ? మాది మడకశిర పక్క. మా ఇంట్లో ఒక మేకుండె. మా చిన్న కూతురు ఇస్కూలుకు పోతే అది వెనకాలే పోయి క్లాసులో పండుకుంటాండె. తరిమీ తరిమీ ఏసారిపోయి, అయ్యవారు దానికి గూడా హాజరు పిలిచేది మొదులుపెట్టె. అదే చెప్పినా. ఊ అంటానే ఉండె. హాజరు కాడ నవ్వినట్టు గూడా అనిపించె." అతను తుండుతో మొహం తుడుచుకున్నాడు. "పెనుకొండ కనపడినాక ఊ నిలిచిపాయ. నేను మాత్రం నిలపలే. ఆసుపత్రి గేటు దాకా చెప్తానే వచ్చినా."

సోడా తాగుతావా అని అడిగాడు. వద్దన్నాను. రెండేళ్ళుగా కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. రైల్లో నాయనకు చెప్తే, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో అమ్మకు చెప్తే, మేక కథ మొత్తం చెప్పించుకుంది. అయిపోగానే మళ్ళీ చెప్పమంది. ఊ కొడుతూ వినింది. అన్న పోయాక అమ్మ నవ్వగా చూడటం నాకదే మొదలు.

తర్వాత్తర్వాత నేను కథలు రాశాను, రెండు పుస్తకాలు అచ్చయ్యాయి కూడా. ఆ నవల మాత్రం కత్తి గొంతు మీద ఉన్న చోటనే ఉండిపోయింది. అతన్ని చంపాలనే కోరిక సోడాబండి దగ్గరే పోయింది. కానీ ఆ మనిషిని క్షమించానని కూడా చెప్పలేను. నాకు అతని మీద అసూయ, ఇన్నేళ్ళయినా తగ్గని అసూయ. మా అన్న ఆఖరున విన్న కథ నేను చెప్పింది కాదు.